పన్నెండు ఎడారులకు ఒకటే చలికాలం

డిసెంబరు 3

అక్క వెళ్లింది. విమానాశ్రయం లోపలికి నన్ను రానివ్వలేదు కనుక అద్దానికి ఇవతలే నిలబడి చెయ్యి ఊపాను. తను వెనక్కి తిరిగి చూడనేలేదు. అరవై మూడేళ్ల మనిషి, పుట్టాక మొదటిసారి విమానం ఎక్కుతోంది, పెట్టె చక్రాలు గడగడలాడించుకుంటూ బడికి ఆలస్యమైన పిల్లలా పోయింది. గుంపులో ఎనిమిది మంది. అందరికంటే ముందు తనే.

చంకలో నా పుస్తకం. 'చూసి తీరాల్సిన పన్నెండు ఎడారులు'. మా ట్రావెల్స్ ఆఫీసు కోసం నేను రాసింది. దాని మీద నా పేరు లేదు, రాసినవాడి పేరు వెయ్యడం మా ఓనరుకి అలవాటు లేదు. ఆ లోటు అక్క తీర్చింది. పక్కింటివాళ్లకీ, మందుల షాపాయనకీ, ఆఖరికి తన గుండె డాక్టరుకీ చూపించి "మా తమ్ముడు రాశాడు" అని చెప్పుకుంది.

నలభై ఏళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుట్టింది అక్క. నన్ను చదివించింది కూడా ఆ మెషినే. ఆగస్టులో మొదటి కాపీ తెచ్చిస్తే, కింది గదిలో గుడ్డముక్కల గుట్టల మధ్య కూర్చుని అట్ట నుంచి అట్ట దాకా చదివింది. నమీబ్ ఎడారి దగ్గర ఆగిపోయింది.

"ఒరేయ్, ఇక్కడ ఏమీ ఉండదట కదరా" అంది.

"ఇసుకే అక్కా."

"నాకు ఏమీ లేని చోటు ఒక్కసారి చూడాలనుందిరా. జన్మంతా ముక్కల మధ్యే అయిపోయింది."

నేనే ఎగదోశాను. 'వెళ్లక్కా, చలికాలంలో హాయిగా ఉంటుంది' అన్నాను, అక్కడికేదో నేను చూసి వచ్చినట్టు. నేను విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

డిసెంబరు 4

"దిగాను. చెవులు నొప్పి. తక్కినదంతా బాగుంది." అక్క మెసేజ్.

కింద మెషిన్ చప్పుడు లేకపోతే టీ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు.

డిసెంబరు 6

మధ్యాహ్నం అక్క గొంతు రికార్డు చేసి పంపింది. ఆఫీసులో మంచినీళ్ల ఫిల్టరు పక్కన నిలబడి విన్నాను.

"ఒరేయ్, ఇక్కడ భలే ఎండరా, మాడిపోతోంది. ఇవాళొక్కరోజే ఏదో తేడాగా ఉన్నట్టుంది, రేపటికి తగ్గుతుందిలే. రేపు పొద్దున్నే ఎడారి లోపలికి తీసుకెళ్తారట. నాలుగు రోజులు ఫోన్లు పనిచెయ్యవట. కంగారుపడకు. వేళకి తిను."

డిసెంబరులో మాడిపోవడమేమిటి?

సొరుగులోంచి నా నోట్సు తీశాను. ఆర్నెల్లు లైబ్రరీలో కూర్చుని రాసుకున్న నోట్సు. నమీబ్ పేజీలో నా చేతిరాతే, ఎర్ర ఇంకుతో, కింద గీత గీసి మరీ ఉంది: 'భూమధ్యరేఖకు దిగువన ఉంది. మనకు చలికాలమైతే అక్కడ వేసవి. వెళ్లాల్సింది మే నుంచి అక్టోబరు.'

పుస్తకం తీశాను. నమీబ్ పేజీ అడుగున నీలం పట్టీలో: 'అనువైన కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి. హాయైన చలికాలం.'

పేజీ తిప్పాను. అదే పట్టీ. ఇంకోటి తిప్పాను. అదే. పన్నెండు పేజీల్లోనూ అదే.

ఎలా జరిగిందో నాకు గుర్తుంది. ముందు సహారా పేజీ చేశాను. అది బాగా కుదిరిందని, కంప్యూటర్లో దాన్నే నమూనాగా పెట్టుకుని మిగతా పదకొండూ దాని మీదే పరిచాను. బొమ్మ మార్చాను, వివరం మార్చాను. పట్టీలో నెలలు ఆఖర్న మారుద్దామనుకున్నాను. ఆఖర్న ప్రెస్సువాళ్లు తొందరపెట్టారు. ప్రూఫులు మూడుసార్లు చూశాను. పన్నెండు పేజీల్లోనూ ఒకేలా ఉన్నదాన్ని కన్ను చదవదు. దాటిపోతుంది.

అక్కడి ఉష్ణోగ్రత చూశాను. నలభై రెండు.

డిసెంబరు 7

అక్క గట్టి మనిషి. ఎండాకాలంలో రెండు ఇస్త్రీపెట్టెల మధ్య కూర్చుని కుట్టిన మనిషికి నలభై రెండు ఒక లెక్కా? పైగా తనతో ఏడుగురున్నారు. డ్రైవరున్నాడు. నెత్తిన టోపీ ఉంది.

నా వల్ల ఇప్పుడు అయ్యేదేముంది? తను ఈపాటికి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. నేను ఓనరుకి చెప్పినంత మాత్రాన అక్కడి సూర్యుడు తగ్గుతాడా?

ఇవాళ చెప్పడం కుదరలేదు. ఓనరుకి పంటినొప్పి. చెంప పట్టుకుని మూలుగుతున్న మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

డిసెంబరు 7, సాయంత్రం

స్టెంట్ సంగతి ఇందాక రాయలేదు.

రెండేళ్ల కిందట అక్క గుండెకి స్టెంట్ వేశారు. సెప్టెంబరులో ఈ ప్రయాణం గురించి అడగడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నేనే. "ఎండలో తిరిగేటట్టయితే వద్దమ్మా" అన్నాడాయన. అక్క సంచిలోంచి పుస్తకం తీసి నీలం పట్టీ మీద వేలు పెట్టింది. "చలికాలమేనండీ. ఇదిగో, మా తమ్ముడు రాశాడు." ఆయన చదివి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "అయితే హాయిగా వెళ్లి రండి" అన్నాడు.

నేను తల ఊపాను.

డిసెంబరు 8

ఓనరు పన్ను పీకించుకున్నాడు. నోట్లో దూది. ఇవాళా చెప్పడం కుదరలేదు.

ఎవరైనా పుస్తకం చేతిలోకి తీసుకుంటే చాలు, తేలు కుట్టిన దొంగలా లేచి నీళ్లు తాగడానికి పోతున్నాను. పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు. టికెట్ల అమ్మాయి "షుగర్ చూపించుకోండి సార్" అంది.

ఒంటిగంటకి వాడీ రమ్ ఎడారి గురించి ఒకాయన ఫోన్ చేశాడు. ఎర్రటి ఇసుక, గోడల్లా లేచిన రాతి కొండలు అని మామూలుగా మొదలుపెట్టాను. "మీరు వెళ్లినప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు. చాలా బాగుందని చెప్పాను. అలవాటైన నోరు.

డిసెంబరు 9

చెప్పేశాను.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక కంటి డాక్టరూ ఆయన భార్యా వచ్చారు. జనవరి పదిన గోబీ ఎడారికి టికెట్లు చెయ్యమన్నారు. ఆయన సంతకానికి పెన్ను అడిగితే నేను వెతుకుతున్నాను. ఆవిడ సంచిలోంచి రెండు టోపీలు తీసింది. వెడల్పు అంచుల పల్చటి నూలు టోపీలు. ఒకటి పెట్టుకుని చూపించింది.

"ఎడారి కదండీ, ముందే కొనేశాం. మీ పుస్తకం చదివాక ఈయన ఇంకే ఊరూ వద్దన్నారు. రెండు మూపురాల ఒంటెలు, పాడే ఇసుక. ఆ ఇసుక మోగడం మీరు విన్నారా?"

గోబీలో జనవరి అంటే సున్నాకి ఇరవై, ముప్పై డిగ్రీల కింద. ఆవిడ నూలు టోపీ పెట్టుకుని నవ్వుతోంది. మా అక్క కూడా ఇలాగే ఒక టోపీ కుట్టుకుంది, లేత గోధుమరంగుది, మెడ మీదికి గుడ్డ వేలాడేట్టుగా.

"వినలేదండీ" అన్నాను. "నేను ఏ ఎడారికీ వెళ్లలేదు. ఈ ఊరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. జనవరిలో మీరు గోబీ వెళ్తే గడ్డకట్టుకుపోతారు. ఆ పట్టీ తప్పు. తప్పు నాది."

టికెట్ల అమ్మాయి టైపు చెయ్యడం ఆపేసింది. కంటి డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిడ మెల్లగా టోపీ తీసేసింది. లోపలి గదిలోంచి ఓనరు దవడ పట్టుకుని వచ్చాడు. అంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అరుస్తాడనుకున్నాను.

"మీ అక్క ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.

"లోపల. నమీబ్‌లో."

"ఆవిడకి స్టెంట్ కదయ్యా."

"అవునండీ."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆరో తారీఖున."

దూది తీసి చెత్తబుట్టలో పారేశాడు. "మూడ్రోజులు నా పన్ను చూసుకుంటూ కూర్చున్నావా?" అన్నాడు. ఫోన్ అందుకున్నాడు.

అక్కడ మనవాళ్లను చూసుకునే ఆఫీసుతో మాట్లాడాడు. ఎడారిలో బస చేసే చోట రేడియో ఉందట, రోజుకొకసారి మాట్లాడతారట. గుండె జబ్బు మనిషి ఉందనీ, ఎండెక్కాక బయట తిప్పవద్దనీ కబురు పెడతామన్నారు. మొత్తం ఏడు నిమిషాల పని. నేను ఆరో తారీఖునే నోరు తెరిచి ఉంటే అక్క లోపలికి వెళ్లకముందే అయిపోయేది.

డిసెంబరు 10

కబురు లేదు.

మూడు గంటలు. కబురు లేదు. నాకు వచ్చిన పనల్లా ఎడారులను పొగడడమే, ఇవాళ అదీ చేతకావడం లేదు. తెల్ల ఎడారి బొమ్మ చూస్తూ కూర్చున్నాను, గాలి కోసుకుపోయి పుట్టగొడుగుల్లా మిగిలిన సుద్దరాళ్లు. 'ఇక్కడ కాలం ఆగిపోయినట్టుంటుంది' అని దాని కింద రాశాను. కాలం ఆగితే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలియదు.

డిసెంబరు 10, ఐదున్నర

కబురొచ్చింది. టికెట్ల అమ్మాయి పైకి చదివింది. "ఎనిమిది మందీ క్షేమం. పెద్దావిడ ఆరోగ్యం సంగతి మొదటిరోజే ఆవిడే డ్రైవరుకి చెప్పారు. అతను కనిపెట్టుకుని ఉన్నాడు."

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివింది. ప్రాణం లేచివచ్చింది. ఓనరు నా భుజం మీద ఒక్కటి చరిచి, పన్ను లేని పక్క నవ్వకుండా రెండో పక్క మాత్రం నవ్వాడు.

ఇంటికి నడిచే వచ్చాను. దారిలో బేకరీలో రొట్టె కొని, నిలబడే మొత్తం తినేశాను. మూడ్రోజులుగా ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది.

డిసెంబరు 11

అక్కకి సిగ్నల్ వచ్చింది. ఫోన్ చేసింది. "ఒరేయ్" అంది. లైను బాగాలేదని చెప్పి పెట్టేశాను. లైను బాగానే ఉంది.

డిసెంబరు 12

శిక్ష పడింది. మూడు వేల కాపీల్లో ఆఫీసులో మిగిలినవన్నిటికీ సరైన నెలలు అచ్చువేసిన చీటీలు నేనే అతికించాలి. ఇప్పటికే పుస్తకం పట్టుకెళ్లినవాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాలి. ఉద్యోగం మాత్రం ఉంది. "ఇంకోడిని పెట్టుకుంటే వాడు కొత్త తప్పు చేస్తాడు, నీదైతే ఏదో తెలుసు" అన్నాడు ఓనరు.

భయపడుతూ పన్నెండు పేజీలూ సరిచూశాను. సహారా, వాడీ రమ్, తెల్ల ఎడారి లాంటివి ఆరు సరిగ్గానే ఉన్నాయి. పన్నెండోది అంటార్కిటికా. మంచు కూడా ఎడారే అంటే మా ఓనరు ఈనాటికీ నమ్మడు. అక్కడికి వెళ్లాల్సిన నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరే, కాకపోతే అది వాళ్లకి వేసవి. గుడ్డివాడి రాయి తగిలినట్టు అందులో సగం ఒప్పయింది.

కంటి డాక్టరు దంపతులు జూన్‌కి మార్చుకున్నారు. టోపీలు అప్పుడు పనికొస్తాయంది ఆవిడ.

ఫోన్లు చేస్తున్నాను. "నేను చూడలేదండీ, చదివి రాశాను" అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను. మొదటి నలుగురి దగ్గర నాలుక మెలికపడింది. తర్వాత హాయిగా ఉంది.

డిసెంబరు 14

అక్క వచ్చింది. నల్లబడింది, రెండు కిలోలు తగ్గింది, ముక్కు మీద తోలు లేచిపోయింది. పెట్టె అందుకుంటుంటే చెప్పులోంచి ఇసుక రాలింది, ఎర్రగా.

ఇవాళ చెప్పడం కుదరలేదు. పాపం అలసిపోయి ఉంది.

డిసెంబరు 15

పొద్దున కిందికి వెళ్లేసరికి మెషిన్ ముందు కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు. కుట్టడం లేదు, ఊరికే చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను స్టూలు లాక్కున్నాను.

"ఏమీ లేదని రాశావుగానీ, చాలా ఉందిరా అక్కడ" అని మొదలుపెట్టింది. ఎర్రటి దిబ్బలు, మేడల మీద మేడలంత. వాటి మధ్యలో గిన్నెలా తెల్లటి నేల. ఆ నేలలో నల్లగా ఎండిపోయి నిలబడ్డ చెట్లు, చచ్చిపోయి కొన్ని వందల ఏళ్లయిందట, పడిపోవడం మాత్రం తెలియదట వాటికి. తెల్లవారుజామున సముద్రం వైపు నుంచి పొగమంచు వస్తే, ఒక నల్ల పురుగు దిబ్బ మీద తల కిందికి పెట్టి నిలబడుతుందట. వీపు మీద పట్టిన నీళ్లు జారి నోట్లోకి వస్తాయట. "అది తాగిందాకా కదలకుండా చూశాను. నాకూ దాహం తీరినట్టనిపించింది."

"ముక్కలున్నాయా అక్కా?" అన్నాను.

"ఒక్క ముక్క లేదురా. ఒకటే తాను, ఎక్కడా కత్తెర పడలేదు." కళ్లు తుడుచుకుంది. నవ్వుతోంది.

తర్వాత డ్రైవరు గురించి చెప్పింది. మొదటిరోజే అతను అన్నాడట, ఇది మాకు వేసవి, ఈ నెలల్లో పెద్దవాళ్లు జాగ్రత్తగా ఉండాలి అని. గుంపులో ఉన్న రిటైరైన హెడ్మాస్టరు ఆ మాట తెలుగులో చెప్పాడట.

"నేనొప్పుకుంటానా? పుస్తకం తీసి పట్టీ చూపించాను. మా తమ్ముడు ఆర్నెల్లు చదివి రాశాడు, నువ్వు బండి నడిపేవాడివి, నీకేం తెలుసు అన్నాను. హెడ్మాస్టరు గారు అదంతా చెప్పారో లేదోగానీ, నాలుగు రోజులూ వాడితో ఇదే గొడవ. వాడు వేసవి అనడం, నేను చలికాలం అనడం."

నేను నేల చూస్తున్నాను.

"మూడోరోజు మాత్రం భయమేసిందిరా. తొమ్మిదికల్లా తిరిగొచ్చెయ్యాల్సింది, బండి ఇసుకలో దిగబడిపోయింది. పదకొండయింది. ఎక్కడా నీడ లేదు. ఇక్కడ" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది, "పట్టేసినట్టయింది. నాలుక కింద మాత్ర పెట్టుకున్నాను. ఆ డ్రైవరు తన చొక్కా విప్పి, బండి తలుపులకి కట్టి నాకు నీడ చేశాడు. వాడి వీపు కాలిపోతోంది. నేను కళ్లు మూసుకుని ఒకటే అనుకున్నాను. మావాడు చలికాలమని రాశాడు, ఈ ఎండ ఎంతసేపుంటుంది, కాసేపట్లో చల్లబడుతుంది అని. అదే అనుకుంటూ కూర్చున్నాను. మెల్లగా తగ్గింది."

మూడోరోజంటే తొమ్మిదో తారీఖు. అక్కడ పదకొండంటే మనకి మధ్యాహ్నం రెండున్నర. అప్పుడు నేను కంటి డాక్టరు కోసం పెన్ను వెతుకుతున్నాను. క్షేమమని కబురొస్తే నిలబడి రొట్టె తిన్నాను.

చెప్పాను. సహారా పేజీ, నమూనా, పట్టీ, ఎర్ర ఇంకు నోట్సు, ఓనరు పన్ను, అన్నీ. ఏడవకుండా చెబుదామనుకున్నాను, కుదరలేదు. నీకేదైనా అయి ఉంటే నేను బతికేవాణ్ణి కాదక్కా అన్నాను.

అక్క మెడలోంచి టేపు తీసి వేలికి చుట్టింది. విప్పింది. మళ్లీ చుట్టింది.

"పన్నెండింటికీ ఒకటే కొలత పెట్టావా?" అంది.

"పెట్టాను."

"నలభై ఏళ్లలో నేనా పని ఒక్కసారి చెయ్యలేదురా. కవలపిల్లలొస్తే కూడా విడివిడిగా కొలిచాను."

"తప్పయింది అక్కా."

"తప్పు సంగతి అలా ఉంచు. తెలిసి మూడ్రోజులు నోరు మూసుకున్నావు చూడు, అది నాకు నచ్చలేదు." టేపు మళ్లీ మెడలో వేసుకుంది. తర్వాత నా మొహంలోకి చూసి, "బాగా భయపడ్డావా?" అంది.

"చాలా."

"అయితే నీకంటే నేనే నయం. నాకు చలికాలమన్నా ఉంది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్క చటుక్కున ఆపేసి సంచిలో వెతికి ఒక చీటీ తీసింది.

"ఆ డ్రైవరు నంబరు. నాలుగు రోజులు వాడిని అన్యాయంగా తిట్టాను, నీ పుస్తకం పట్టుకుని. ఇప్పుడే ఫోన్ చేసి తప్పు నీదని చెప్పు. నా ఎదురుగా చెయ్యి."

చేశాను. అవతల బండి చప్పుడు, గాలి. నాకొచ్చిన ఇంగ్లీషులో ఎవరినో, ఎందుకు చేశానో చెప్పాను. పుస్తకం తప్పు, మీరు చెప్పిందే నిజం, మా అక్క తరఫున క్షమించండి అన్నాను. అతను బండి ఆపిన చప్పుడైంది. తర్వాత గట్టిగా నవ్వి, ఆ తమ్ముడివి నువ్వేనా అన్నాడు. అవునన్నాను. సరేగాని, మీ అక్క ఎలా ఉంది అని అడిగాడు.

బాగుందని చెప్పాలి. ఒక్క మాట. నేను అక్క ముక్కు మీద లేచిపోయిన తోలే చూస్తున్నాను. అతను హలో, హలో అంటున్నాడు. ఫోన్ అక్క చేతికిచ్చాను.

"బాగున్నానయ్యా" అంది అక్క, తెలుగులోనే, అంత దూరం వినపడాలన్నట్టు గట్టిగా. "నీ వీపెలా ఉంది?"